కొండవీడు నడిచి ఎక్కి, సైకిల్ మీద దిగడం: ఒక రోజు పూర్తి ప్రణాళిక

గుంటూరు దగ్గరి కొండవీడు కోటకు మెట్ల దారిలో నడిచి ఎక్కి, బండిలో పైకి చేర్చిన సైకిళ్ల మీద ఘాట్ రోడ్డులో దిగాలంటే ఏమేం చూసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెబుతుంటే ఏదో ఒకటి వదిలిపోతోంది. అందుకని మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. ఒక్కరే వెళ్లేవాళ్ల కోసం కాదు ఇది. దారి తెలిసిన ఒక మనిషి ముందుండి, ఆరుగురో ఎనిమిదిమందో కలిసి వెళ్లే జట్టు కోసం.

ఒక్క మాట మొదటే చెప్పాలి. విజయవాడ, గుంటూరు సైక్లిస్టులకు దమ్ము తక్కువ కాదు. కృష్ణా కరకట్ట మీద, కాలవ గట్ల మీద, జాతీయ రహదారి మీద పొద్దున్నే 50 కిలోమీటర్లు తొక్కి వచ్చి ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఉన్నారు. కానీ అదంతా చదును నేల. పల్లానికి దిగుతూ వరసగా మలుపుల్లో బ్రేకు పట్టే అలవాటు మన చేతులకు లేదు. కాబట్టి ఈ రోజుకు సిద్ధం కావడమంటే ముఖ్యంగా బ్రేకులను, బ్రేకు పట్టే చేతులను సిద్ధం చేయడం. ఎక్కేటప్పుడు వచ్చేది ఆయాసమే. దెబ్బలు తగిలేది దిగేటప్పుడు.

1. రోజును చివరి నుంచి మొదటికి లెక్కేయండి

చాలామంది ‘ఎన్నింటికి బయలుదేరదాం’ అని మొదలుపెడతారు. ‘ఎన్నింటికి దిగాలి’ అని మొదలుపెట్టండి. రోడ్డు మీద కార్లు, మోటారు సైకిళ్లు పెరగక ముందే, ఎండ నెత్తికి రాక ముందే దిగడం మొదలుకావాలి. చలికాలంలో అది పొద్దున 10 గంటలు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే ఇలా వస్తుంది:

- 10:00 దిగడం మొదలు
- 9:30 సైకిళ్ల ఆఖరి పరీక్ష, జట్టుకు సూచనలు
- 8:30 నుంచి 9:30 పైన టిఫిను, విశ్రాంతి
- 6:30 నడక మొదలు
- 6:00 కొండ కింద అందరూ హాజరు
- 5:00 గుంటూరు నుంచి బయలుదేరడం (విజయవాడ వాళ్లకు 4:15)

నడకకు రెండు గంటలు ఇచ్చాను. గట్టివాళ్లు అంతకన్నా ముందే ఎక్కేస్తారు. అయినా కుదించకండి. ఆ వెసులుబాటు లేకపోతే చివరి మనిషిని తొందరపెట్టాల్సి వస్తుంది. తొందరగా ఎక్కిన కాళ్లే తరవాత పెడలు మీద వణుకుతాయి.

గుంటూరు నుంచి కొండవీడు సుమారు 25 కిలోమీటర్లు. చిలకలూరిపేట వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తూ బోయపాలెం దగ్గర కుడికి తిరగవచ్చు, లేదా ఫిరంగిపురం మీదుగా రావచ్చు. సైకిళ్లు ఎక్కించిన బండి ఉంటే జాతీయ రహదారే నయం.

2. ఏ నెల, ఏ వారం

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. మార్చి రెండో వారం దాటితే పొద్దున 9 గంటలకే రాళ్లు కాలడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

వాన పడిన రోజూ, ఆ మర్నాడూ మానుకోండి. తడిసిన మెట్ల మీద నాచు జారుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లోకి కొండ మీది మట్టి, గులకరాళ్లు కొట్టుకొస్తాయి. పైకి తారు ఆరినట్టు కనిపించినా ఆ గులక అక్కడే ఉంటుంది.

వారంలో మంగళవారం నుంచి గురువారం దాకా ఏదైనా మంచిదే. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల జనం కొండ నిండా ఉంటారు. పిల్లలు రోడ్డు మీద పరుగులు తీస్తుంటే సైకిల్ దిగడం వాళ్లకూ మనకూ ప్రమాదమే. సెలవు రోజు తప్ప కుదరదంటే రెండో శనివారం పొద్దున్నే ఎంచుకోండి.

3. జట్టు ఎలా ఉండాలి

ఎనిమిది మందికి మించి వద్దు. అంతకన్నా ఎక్కువైతే రెండు జట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో లీడర్‌ను పెట్టండి.

లీడర్ అంటే అందరికన్నా వేగంగా తొక్కేవాడు కాదు. ఆ రోడ్డులో కనీసం ఒకసారి దిగి, ఏ మలుపు తరవాత ఏముందో తెలిసిన మనిషి. అందరికన్నా వెనక వచ్చే మనిషిని సైక్లింగ్ గ్రూపుల్లో స్వీప్ అంటారు. నా లెక్కలో లీడర్ కన్నా ఈ మనిషి ఎంపికే ముఖ్యం. ఓపిక ఉండాలి, పంక్చరు వేయడం రావాలి, ప్రథమ చికిత్స తెలియాలి. మూడో మనిషి బండి డ్రైవరు. సైకిళ్లను పైకి చేర్చి, దిగేటప్పుడు అందరి వెనక మెల్లగా వచ్చేది ఆయనే.

ఎవరు నడకకే పరిమితం కావాలో మొహమాటం లేకుండా ముందే తేల్చండి:

- ఏడాదిగా సైకిల్ ముట్టనివాళ్లు
- మోకాలు, నడుము, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు
- గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు (వీళ్లు నడకకు కూడా డాక్టరును అడిగే రావాలి)
- ఎత్తు నుంచి చూస్తే కళ్లు తిరిగేవాళ్లు
- 14 ఏళ్ల లోపు పిల్లలు

నడకకు వచ్చి బండిలో దిగడం చిన్నతనమేమీ కాదు. ఆ మాట లీడర్ ముందే, అందరిలో చెప్పాలి. లేకపోతే సిగ్గుపడి సైకిల్ ఎక్కుతారు.

4. అనుమతి, బండి

కొండ, చుట్టూ ఉన్నది చాలావరకు అటవీశాఖ చూసుకునే నేల. 2022లో జిల్లాలు విడదీశాక కొండవీడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. ఒక వారం ముందే ఒకరు వెళ్లి టికెట్ కౌంటరు దగ్గర సిబ్బందితో మాట్లాడి రావాలి. ఫోన్లో సరిపెట్టుకోవద్దు. అడగాల్సినవి ఇవి:

- మెట్ల దారిలో ఎన్నింటి నుంచి వదులుతారు?
- బండిని ఎన్నింటికి పైకి పంపుతారు?
- ఆ రోజు ఘాట్ రోడ్డులో సైకిళ్లు దిగడానికి అభ్యంతరం ఉందా?
- రోడ్డు మరమ్మతులు ఏవైనా నడుస్తున్నాయా?

వాళ్లు చెప్పిన వేళలను బట్టి పైన రాసిన పట్టికను జరుపుకోండి. వద్దన్నారంటే వద్దు, అంతే. మెట్ల దారిలోనో, చెట్ల మధ్య కాలిబాటల్లోనో సైకిల్ దింపడం మాత్రం ఎవరు సరే అన్నా చేయకండి. నడిచేవాళ్ల దారి అది. పైగా పాత రాతి మెట్లు చెదిరితే మళ్లీ కుదురుకోవు.

సైకిళ్లకు ట్రాలీ ఆటో గానీ టాటా ఏస్ గానీ మాట్లాడుకోండి. అడుగున పాత దుప్పట్లు, గోనె సంచులు పరవండి. సైకిళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ముఖం పెట్టి నిలబెట్టి, మధ్యలో అట్టలు పెట్టి తాళ్లతో బిగించండి. గేర్లున్న వైపు బరువు పడకూడదు.

హైడ్రాలిక్ (వైరుకు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కు చక్రం తీసి ఎక్కిస్తే, ఆ తరవాత బ్రేకు లివరు నొక్కవద్దు. డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లు దగ్గరకు వచ్చి కరుచుకుంటాయి, డిస్కు మళ్లీ దూరదు. ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టి ఉంచితే ఆ బాధ ఉండదు.

5. సైకిల్‌ను సిద్ధం చేయడం

వారం ముందే మొదలుపెట్టాలి. ముందు రోజు రాత్రి మెకానిక్ దగ్గరకు పరుగెత్తితే కొత్త ప్యాడ్లు వేస్తాడు గానీ అవి కుదురుకోవడానికి సమయం ఉండదు.

ఏ సైకిల్ పనికొస్తుంది? ముందు సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు), గేర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, అన్నిటికన్నా నయం. ఎంటీబీకీ రోడ్ బైక్‌కూ మధ్య రకమైన హైబ్రిడ్ సైకిల్‌తోనూ దిగవచ్చు. సన్నటి టైర్ల రోడ్ బైక్ అనుభవం ఉన్నవాళ్లకే. రాడ్ బ్రేకుల పాత సైకిళ్లు, ఒక్క బ్రేకే పనిచేసే సైకిళ్లు కొండ కిందే ఆగాలి.

బ్రేకుల పరీక్ష ఇలా చేయండి:

- సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు గట్టిగా పట్టి ముందుకు తోయండి. ముందు చక్రం కదలకుండా వెనక చక్రం లేవాలి.
- వెనక బ్రేకు పట్టి తోయండి. వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి.
- లివరు సగం దూరం వచ్చేసరికి గట్టిగా తగలాలి. హ్యాండిల్ దాకా వస్తే ఆ సైకిల్ దిగదు.
- రబ్బరు బ్రేకులైతే రబ్బరు మీది గాడులు కనిపిస్తున్నాయా చూడండి. గాడులు అరిగి నున్నగా ఉంటే మార్చండి. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు కాదు.
- డిస్క్ ప్యాడ్ల మీద రాపిడి పొర ఒక మిల్లీమీటరు కన్నా తక్కువుంటే మార్చండి.
- బ్రేకు వైరులో ఒక్క పోగు తెగి కనిపించినా వైరు మొత్తం మార్చండి.

కొత్త డిస్క్ ప్యాడ్లు వేశాక చదును రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం అందుకుని, చక్రం జామ్ కాకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ఇరవై సార్లు చేయాలి. అప్పటికి గానీ ప్యాడు డిస్కుకు కుదురుకోదు. ఇది చేయకుండా కొత్త ప్యాడ్లతో కొండ దిగడం అరిగిన ప్యాడ్లతో దిగడమంత ప్రమాదం.

చైనుకు నూనె వేసేటప్పుడు స్ప్రే వాడకండి. ఆ తుంపర డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు. చుక్కలుగా వేసి, గుడ్డతో తుడవండి. బ్రేకు కీచుమంటోందని డిస్కుకో రిమ్ముకో కొబ్బరి నూనె రాసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ప్యాడ్లు నూనె పీల్చాయంటే మార్చడమే దారి.

టైరులో గాలి ఎంత ఉండాలో టైరు పక్క మీదే అచ్చువేసి ఉంటుంది, కనిష్ఠం, గరిష్ఠం రెండూ. ఎంటీబీకి ఆ రెండింటి మధ్య, తారు రోడ్డు మీదికి 35 నుంచి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. రాయిలా గట్టిపడేదాకా కొడితే గులక మీద టైరు ఎగిరిపడుతుంది.

మన నేల మీద పంక్చర్లకు పెద్ద కారణం పల్లేరు కాయలు, ఆ తరవాత సర్కారు తుమ్మ ముళ్లు. సైకిల్‌ను రోడ్డు దించి గడ్డిలో పెట్టొద్దు. ఒక్క పల్లేరు కాయ చాలు, అది ట్యూబులో రెండు చోట్ల గుచ్చుతుంది. అందుకే ప్యాచ్‌తో సరిపెట్టుకోకుండా మనిషికో కొత్త ట్యూబు తీసుకెళ్లండి.

6. చేతుల సాధన, కనీసం రెండు సాయంత్రాలు

ఖాళీ గ్రౌండు చాలు. సుద్దతో ఒక గీత గీయండి. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు పట్టి, ఎక్కడ ఆగారో అడుగులతో కొలవండి. ముందు వెనక బ్రేకు ఒక్కటే పట్టి, తరవాత రెండూ కలిపి. వెనక బ్రేకు ఒక్కటే అయితే ఎంత దూరం జారుతున్నారో మీ కళ్లతో మీరే చూస్తారు.

ఎందుకంటే బ్రేకు పట్టగానే ఒంటి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అప్పుడు పట్టు ఉండేది ముందు చక్రానికే. దిగుడులో ఇది ఇంకా ఎక్కువ. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామన్న భయం చిన్నప్పటి నుంచి ఉంటుంది. ఒక్కసారిగా గుంజితేనే పడతాం. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ, ఒళ్లు వెనక్కి జరిపితే సైకిల్ నేలకు అతుక్కుని ఆగుతుంది.

మన సైకిళ్లలో మామూలుగా కుడి చేయి ముందు బ్రేకు. కొన్ని సైకిళ్లకు తిరగేసి ఉంటుంది. అద్దె సైకిల్ అయితే ఎక్కక ముందే ఏది ఏదో చూసుకోండి.

రెండో సాయంత్రం ఇంకో సాధన. రెండు నీళ్ల సీసాలు దూరంగా పెట్టి వాటి చుట్టూ తిరగండి. సీసా దగ్గరకు రాకముందే వేగం తగ్గించాలి, తిరుగుతున్నప్పుడు బ్రేకు వదిలేయాలి. రోడ్డు మీది మలుపుకు కావాల్సింది సరిగ్గా ఇదే.

7. ఒంటి మీద, సంచిలో

హెల్మెట్ లేనిదే దిగడం లేదు. కనుబొమ్మలకు పైన రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి. పట్టీలు చెవి కింద ‘వి’ ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక్క వేలే దూరాలి. మోటారు సైకిల్ హెల్మెట్ వద్దు, బరువుకు మెడ లాగుతుంది, చెమటకు ఊపిరాడదు.

ఒంటి మీద ఉండాల్సినవి:

- పట్టున్న స్పోర్ట్స్ షూ, కొన్నాళ్లు తొడిగినవే. కొత్తవి బొబ్బలెక్కిస్తాయి
- నిండు చేతుల చొక్కా, కాళ్లకు బిగుతుగా ఉండే ప్యాంటు
- వేళ్లు పూర్తిగా కప్పే గ్లవ్స్, మోకాలికి, మోచేతికి ప్యాడ్లు
- పురుగులు కంట్లో పడకుండా తెల్లటి కళ్లద్దాలు

చున్నీ, మెడలో కండువా, వేలాడే షూ లేసులు చైనులోనో పుల్లల్లోనో చిక్కుకుంటాయి. వాటిని సంచిలో పెట్టేయండి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. రెండు లీటర్లు వీపు మీద, ఒకటి బండిలో. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. రుచి కోసం అర లీటరులో కలిపితే మేలు బదులు కీడే.

తినడానికి పులిహోర, పల్లీ చిక్కీ, అరటిపళ్లు, బండిలో పెరుగన్నం. పొద్దున బయలుదేరేటప్పుడు రెండు ఇడ్లీలు చాలు. నిండుగా తిని మెట్లెక్కితే కడుపులో తిప్పుతుంది. బజ్జీలు, బిర్యానీ దిగాక తినవచ్చు.

జట్టు మొత్తానికి:

- రెండు గాలి పంపులు, ట్యూబులు, టైరు లివర్లు
- అలెన్ కీల సెట్టు, చైను కలిపే లింకు
- గాజుగుడ్డ, దూది, క్రేపు బ్యాండేజి, అయోడిన్ మందు, కత్తెర, రెండు పెద్ద తువ్వాళ్లు
- రెండు విజిళ్లు
- అందరి పేర్లు, రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రాసిన కాగితం. ఒకటి లీడర్ దగ్గర, ఒకటి డ్రైవరు దగ్గర
- చెత్త సంచి

8. ఎక్కేటప్పుడు

నడక మొదలయ్యే చోట పది నిమిషాలు కాళ్లు, చీలమండలు కదిలించండి. తరవాత అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని లీడర్ వెనకే నిలబెట్టండి. ఆ మనిషి వేగమే జట్టు వేగం. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించండి.

అరగంటకు ఐదు నిమిషాలు ఆగండి. దాహం వేసేదాకా చూడకుండా ఆగిన ప్రతిసారీ నాలుగైదు గుక్కలు తాగండి.

పాత మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, కొన్ని కదులుతాయి. పాదం మొత్తం ఆనించి, కదలదని తేలాకే బరువు వేయండి. కోట గోడల మీదికి, కూలిన బురుజుల అంచుకు సెల్ఫీ కోసం ఎక్కనివ్వకండి. రాళ్ల మధ్య సున్నం ఎప్పుడో వదిలేసింది.

రాళ్ల సందుల్లో, ఎండుటాకుల్లో చేయి పెట్టొద్దు. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కనపడదు. గట్టిగా అడుగు వేస్తూ నడిస్తే ఆ అదురుకు చాలా పాములు తప్పుకుంటాయి. చెట్టుకో బురుజుకో తేనెపట్టు కనిపిస్తే మాట్లాడకుండా దూరంగా వెళ్లిపోండి. ఆ రోజుకు సెంటు, ఘాటు వాసనల బాడీ స్ప్రే మానేయండి. కొండ మీద పొగ పెట్టడం, సిగరెట్ కాల్చడం అసలు కూడదు.

కోతుల ముందు తిండి సంచి విప్పకండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినగానే వచ్చేస్తాయి. సంచి లాక్కుంటే వదిలేయండి, పోట్లాడకండి. కరిచినా గీరినా ఆ చోటును సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

9. పైన గడిపే గంట

ఈ గంటను తిరగడానికి వాడేసుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వేదుళ్ల చెరువు చూడాలని ఉంటుంది. ఒక్కటి చూడండి, గట్టు మీద నీడలో కూర్చోండి. మూడూ తిరిగితే కాళ్లకు విశ్రాంతి దొరకదు. చెరువుల్లోకి మాత్రం దిగొద్దు. ఎంత లోతో పైనుంచి తెలియదు.

తిని, నీళ్లు తాగి, తడిసిన బనియను మార్చుకోండి. తరవాత దిగబోయే ప్రతి మనిషికీ చిన్న పరీక్ష. పది గుంజీలు తీసి, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడాలి. తూలినా, తొడలు వణికినా ఇంకో అరగంట విశ్రాంతి. అప్పటికీ తగ్గకపోతే బండిలో దిగడమే. మినహాయింపులు లేవు, లీడర్‌కూ లేవు.

సైకిళ్లు బండి దిగాక మళ్లీ చూడాలి. కుదుపులకు వదులయ్యేవి ఎప్పుడూ అవే:

- రెండు చక్రాల క్విక్ రిలీజ్ (చక్రాన్ని బిగించే పిడి) లేదా నట్లు
- హ్యాండిల్ తిన్నగా ఉందా, బిగుతుగా ఉందా
- చక్రం తీసి పెట్టినప్పుడు విప్పిన రబ్బరు బ్రేకు కొక్కెం తిరిగి తగిలించారా
- బ్రేకు లివర్ల బిగువు
- సస్పెన్షన్ లాక్ తీసి ఉందా

సీటును మామూలు ఎత్తు కన్నా రెండంగుళాలు దించండి. చాలామంది వదిలేసే పని ఇదే. సీటు ఎత్తుగా ఉంటే ఒళ్లు వెనక్కి జరగదు, బరువంతా ముందుకే తూలుతుంది.

10. దిగడం

ఘాట్ రోడ్డు సుమారు 5 కిలోమీటర్లు. మధ్యలో ఆగుతూ దిగితే అరగంట నుంచి నలభై నిమిషాలు. పది నిమిషాల్లో దిగేయవచ్చు కదా అంటారు కొందరు. దిగవచ్చు. కానీ గంటకు 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది మీటర్లు పోతాం. మలుపు తిరగగానే ఎదురుగా కారు కనిపించి, చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ పది మీటర్లు అయిపోతాయి. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి తిన్నటి దారిలో 20 నుంచి 25, మలుపుల్లో 10 నుంచి 12. అంతకు మించి వద్దు.

వరస: ముందు లీడర్, ఆయన్ను ఎవరూ దాటరు. తరవాత కొత్తవాళ్లు, తరవాత అలవాటున్నవాళ్లు, చివర స్వీప్, ఆ వెనక బండి. ఒకరు కదిలాక పదిహేను సెకన్లు ఆగి ఇంకొకరు. సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య ముప్పై మీటర్లయినా ఉండాలి.

ఒళ్లు: సీటు మీద కూర్చోకుండా కొద్దిగా లేచి, పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా, మడమలు కిందికి. మోచేతులు, మోకాళ్లు కొద్దిగా వంచి వదులుగా. చూపు ముందు చక్రం మీద కాదు, పదిహేను ఇరవై మీటర్ల అవతల. గుంటను చూస్తూ ఉంటే గుంటలోకే వెళ్తాం. పక్కనున్న మంచి దారిని చూడండి.

బ్రేకు: ప్రతి చేతికి ఒకటి రెండు వేళ్లు లివరు మీద ఎప్పుడూ ఉండాలి, మిగతావి హ్యాండిల్ పట్టుకోవాలి. పై నుంచి కింద దాకా బ్రేకును సన్నగా నొక్కిపట్టి దిగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రాపిడికి రిమ్ము, డిస్కు కాలిపోతాయి. వేడెక్కిన ప్యాడు పట్టు వదిలేస్తుంది. రబ్బరు బ్రేకులైతే రిమ్ము వేడికి ట్యూబు పేలనూవచ్చు. గట్టిగా పట్టి వేగం తగ్గించండి, వదిలేయండి, మళ్లీ పట్టండి. వదిలిన ఆ కాసేపు గాలికి అవి చల్లబడతాయి.

మలుపు:

- మలుపుకు ముందే, సైకిల్ తిన్నగా ఉండగానే వేగం తగ్గించండి
- మలుపు బయటి వైపు పెడలు కిందికి, దాని మీదే బరువు. ఎడమకు తిరిగితే కుడి పెడలు, కుడికి తిరిగితే ఎడమ పెడలు కింద
- లోపలి పెడలు కిందుంటే రోడ్డుకు తగిలి ఎత్తేస్తుంది
- తల తిప్పి మలుపు ముగిసే చోటు చూడండి
- తిరుగుతున్నప్పుడు బ్రేకు వదిలేయండి. తిరిగాక, దారి కనిపించాకే వేగం పెరగనివ్వండి
- ఎప్పుడూ ఎడమ పక్కే. అవతల కనిపించని మలుపులో గీత దాటి కుడికి వెళ్లొద్దు

ఎడమ మలుపులో లోపలి అంచున రోడ్డు బాగా ఏటవాలుగా ఉంటుంది, గులక కూడా అక్కడే చేరుతుంది. అంచుకు మరీ ఆనుకోకుండా మీటరు వదిలి తిరగండి. గులక మీద ఉండగా బ్రేకు పట్టకండి, హ్యాండిల్ తిప్పకండి. సైకిల్‌ను తిన్నగా పోనిచ్చి, దాటాక పట్టండి.

దారిలో మూడు చోట్ల ఆగండి. ఎక్కడన్నది లీడర్ ముందు వారమే చూసి పెట్టుకోవాలి. మలుపుకు దూరంగా, రోడ్డు దిగి నిలబడే జాగా ఉండాలి. ఆగిన చోట స్వీప్ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు, తల లెక్క సరిపోవాలి. వేళ్లు చాచి ముడవండి. అరచేతులు మొద్దుబారితే ఐదు నిమిషాలు ఎక్కువ ఆగండి. డిస్కును చేత్తో ముట్టొద్దు, తోలు ఊడుతుంది. చల్లబడాలని నీళ్లు పోయకండి, డిస్కు వంకరపోవచ్చు. దానంతట అదే చల్లారనివ్వండి.

ఎదురుగా బస్సో కారో వస్తే ఎడమ అంచున పూర్తిగా ఆగి, ఒక కాలు నేల మీద పెట్టండి. హెడ్‌ఫోన్లు, చేతిలో ఫోను, దిగుతూ వీడియో, ఇవేవీ వద్దు. వీడియో కావాలంటే వెనక వచ్చే బండిలో కూర్చున్నవాళ్లు తీస్తారు.

11. దారిలో ఎదురయ్యేవి, అప్పటికప్పుడు చేయాల్సినవి

బ్రేకు లివరు మెత్తబడి లోపలికి పోతోంది: ప్యాడ్లు వేడెక్కాయి. రెండో బ్రేకుతో ఆపి, పదిహేను నిమిషాలు ఆగండి. చల్లారాక నిలబడి పరీక్ష చేయండి. బిగువు రాకపోతే సైకిల్ బండిలోకి.

వెనక చక్రం జారి అటూ ఇటూ ఊగుతోంది: వెనక బ్రేకు మరీ బిగించారు. కాస్త వదలండి, చక్రం తిరగగానే సర్దుకుంటుంది.

చైను ఊడింది: దిగుడులో చైనుతో పని లేదు. కంగారుపడి కిందికి చూడకండి. మెల్లగా ఆపి, పక్కకు తీసి వేసుకోండి.

తొడ పట్టేసింది: సైకిల్ దిగి కాలు చాచండి, ఓఆర్ఎస్ తాగండి. కూల్ డ్రింకు దానికి మందు కాదు.

భయం వేసింది: దిగి నడిపించుకుంటూ వెళ్లడం అన్ని వేళలా సరైన నిర్ణయమే. స్వీప్ పక్కనే నడవాలి, ఆ మనిషిని వదిలి వెళ్లకూడదు.

12. దెబ్బ తగిలితే

ముందు రెండుసార్లు విజిల్ ఊదాలి, అందరూ ఆగాలి. ఒకరు పై మలుపు దగ్గరకు, ఒకరు కింది మలుపు దగ్గరకు వెళ్లి వచ్చే వాహనాలను ఆపాలి. ఆ తరవాతే పడిన మనిషి దగ్గరకు వెళ్లండి. ఈ వరస తప్పితే రెండో ప్రమాదం జరుగుతుంది.

మెడ నొప్పి అన్నా, స్పృహ తప్పినా కదిలించకండి, హెల్మెట్ లాగకండి, 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. భుజం ఎముక దగ్గర నొప్పి ఉంటే తువ్వాలును మెడకు వేసి చేతిని అందులో వేలాడదీయండి.

తల నేలకు తగిలితే, ఆ మనిషి బాగానే ఉన్నానన్నా సరే, ఆ రోజుకు సైకిల్ ఎక్కకూడదు. వాంతి, మత్తు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. ఆ హెల్మెట్ మళ్లీ పనికిరాదు. పైకి పగులు కనిపించకపోయినా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయకండి. కరిచిన కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, నడిపించకుండా బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మనవాళ్ల మాటలో జీజీహెచ్, పెద్ద ఆసరా. బయలుదేరుతూనే 108కి చెప్పండి.

13. కొండపల్లికైతే

విజయవాడ వాళ్లకు కొండపల్లి దగ్గర. కోటకు ఊళ్లో నుంచి నడక దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. పైన చెప్పినదంతా అక్కడికీ వర్తిస్తుంది. అది రిజర్వు అడవి కాబట్టి అనుమతి సంగతి ఇంకా గట్టిగా చూసుకోండి, నడక దారి వదిలి చెట్ల లోపలికి పోకండి.

14. కిందికి చేరాక

సైకిళ్లు బండిలోకి ఎక్కక ముందే తల లెక్క చూడండి. కౌంటరు దగ్గర సిబ్బందికి అందరం దిగామని చెప్పి కదలండి. వాళ్లు మన కోసం ఎదురుచూసే పని ఉండకూడదు. ఇళ్లకు ఫోన్లు చేయించండి. కొండ మీద పోగైన చెత్త సంచిని ఊళ్లో పారేయకుండా ఇంటి దాకా తెచ్చుకోండి.

బండి నడిపేవాళ్లు భోజనం చేసి అరగంట కునుకు తీశాకే జాతీయ రహదారి ఎక్కాలి. తెల్లవారుజామున లేచి, ఎండలో అలిసి, కడుపు నిండా పెరుగన్నం తిన్న మనిషికి స్టీరింగ్ ముందు నిద్ర ఆగదు.

ఇంటికొచ్చాక సైకిల్ సీటు పాత ఎత్తుకు పెట్టండి. మర్నాడు ప్యాడ్లు తీసి ఎంత అరిగాయో చూడండి. ఒక వైపు ప్యాడు ఎక్కువ అరిగి ఉంటే కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) వంకరగా కూర్చుంది, మెకానిక్ చేత సరిచేయించండి. టైర్ల మీద చేయి వేసి తిప్పుతూ గుచ్చుకున్న ముళ్లు ఉంటే తీసేయండి. ట్యూబు దాకా దిగని ముల్లు అప్పుడు గాలి తీయదు. నాలుగు రోజులకు తీస్తుంది.